పొడిగుడ్డ

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద నాకొక వాటర్ వాష్ ఉంది. బోర్డు మీద ‘తిమోతి వాటర్ వాష్’ అని పెయింటరు రాశాడు. దాని కింద ఎర్ర పెయింటుతో నేనే ఇంకో వరుస రాసుకున్నాను: ‘ఇక్కడ ఎవరూ పొడిగుడ్డతో కారు తుడవరాదు.’ అది చదివి వచ్చినవాడల్లా నవ్వుతాడు. బీడీలు కాల్చరాదు అని రాస్తే నవ్వరు, ఉమ్మి వేయరాదు అని రాస్తే నవ్వరు, ఇది రాస్తే మాత్రం ఈ మనిషికి తిక్క అంటారు. తిక్కే. కాదని నేనెప్పుడైనా అన్నానా?

పోయిన నెల ఒక మధ్యాహ్నం గంగాధరం శెట్టి వచ్చాడు. బట్టల వ్యాపారి, మంచి మనిషి, నోరు ఒక్కటే కొంచెం ఎక్కువ. సరదాపడి పాత కారు ఒకటి కొన్నానని వారం రోజులుగా ఊరంతా చెప్పుకుంటున్నాడు. నల్ల కాంటెస్సా. దాన్ని నా షెడ్డు ముందు ఎండలో ఆపి, దిగీ దిగగానే జేబులోంచి పచ్చ గుడ్డ తీసి బానెట్ మీది దుమ్మును గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. నాకు కోపం నెత్తికెక్కింది.

“శెట్టీ! చెయ్యి తీయి! ముందు దాని మీంచి చెయ్యి తీయప్పా!”

“ఏందప్పా అట్ల అరుస్తాండావు? నా కారు నేను తుడుసుకుంటాంటే నీకేం నొప్పి?”

“నీ కారే, ఎవరు కాదన్నారు? పిడికెడు ఇసుక మొగాన పోసుకోని దాన్నిట్లనే గుడ్డతో రుద్దుకో. అది గూడా నీ మొగమే గదా!”

శెట్టి నవ్వి గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. నేను ఆగలేదు, ఆగే అలవాటు లేదు. మన వైపు దుమ్ము వట్టి దుమ్ము కాదు. నాపరాళ్లు కోసే మిషన్ల పొడి, నల్లరేగడి మట్టి, ఏటి ఇసుక అన్నీ అందులో ఉంటాయి. పొడిగుడ్డ దాన్ని తీయదు, పెయింటు మీద అదిమి ఈడుస్తుంది. తుడిచినంతసేపూ మెరుస్తున్నట్టే ఉంటుంది. ఎండలో పెట్టి చూస్తే అప్పుడు తెలుస్తుంది, వెంట్రుక కన్నా సన్నటి గీతలు, గుండ్రంగా, సాలెగూడు మాదిరి. నల్ల కారైతే మరీ. ఒకసారి పడ్డాయంటే నీళ్లకు పోవు, సబ్బుకు పోవు.

“నేను నీ కాడికి వచ్చింది గూడా దానికే,” అన్నాడు శెట్టి. “సూడు, కారంతా గీతలే. పులివెందులలో బ్రోకరు నాకు నీడలో నిలబెట్టి చూపిచ్చినాడు, అప్పుడు కనపళ్లా. ఎవడో బుద్ధిలేని డ్రైవరు పొడిగుడ్డతో తుడిచి సర్వనాశనం చేసినాడు. పాలిష్ పట్టి తీసెయ్యి. ఆ డ్రైవరు గాన నాకు దొరికితే ఉంది వానికి!”

అప్పటికే నేను కారు వెనక్కి పోయాను. నంబరు చూశాను. ఎడమ వైపు వెనక తలుపు కింద చిన్న సొట్ట ఉండాలి. ఉంది. డిక్కీ మీదికి వంగి ఏటవాలుగా చూశాను. మిగతా చోట్ల కన్నా అక్కడ గీతలు ఎక్కువ, లోతు కూడా.

“దొరికినాడులే శెట్టీ. ఆ బుద్ధిలేని డ్రైవర్ని నేనే.”

శెట్టి నా బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. “నువ్వా? ఎందుకు జేసినావప్పా?”

“ఆ పొద్దు నాకు తిక్క లేసింది,” అని చెప్పి నీళ్ల పైపు అందుకున్నాను. ఆయనకు అంతవరకే చెప్పాను. అసలు సంగతి చెప్పాలంటే ఒక మనిషి పేరు చెప్పాలి. ఆ మనిషి ఇప్పుడు చెప్పుకో పర్వాలేదన్నాడు కాబట్టి మీకు చెప్తున్నాను.

తొంభై ఆరు నాటి మాట. అప్పుడు నేను నాగన్న దగ్గర డ్రైవర్ని. ఆయనది వేముల దగ్గర ఒక పల్లె. ఎలక్షన్లలో నిలబడే మనిషి కాదు, నిలబడినవాళ్లకు ఓట్లు వేయించే మనిషి. ఆయన వాళ్లకూ ఎదుటి పార్టీ వాళ్లకూ తాతల నాటి నుంచి చంపుకోవడాలు. మొదట ఎవరు ఎవరిని ఎందుకు కొట్టారో వాళ్లకే గుర్తు లేదు. ఆయన ఎక్కడికి బయలుదేరినా ముందొక జీపు, వెనకొక జీపు, మధ్యలో ఈ నల్ల కాంటెస్సా. పదకొండేళ్లు ఆయన దగ్గర ఉన్నాను, చివరి ఆరేళ్లు ఈ కారే తోలాను.

ఆ కారును నేను కడిగినట్టు జిల్లాలో ఎవరూ కడిగేవాళ్లు కాదు. గొప్పకు చెప్పడం లేదు. నాగన్న రోజూ బయలుదేరే ముందు బానెట్‌లో మొహం చూసుకుని మీసం దువ్వుకునేవాడు. అంత నున్నగా ఉండేది.

ఆ కడగడం నాకు నేర్పింది మా అమ్మ ప్రేమమ్మ. ఆమె జన్మలో కారు ఎక్కి ఎరుగదు. మాది జమ్మలమడుగు మిషన్ కాంపౌండు, ముత్తాత కాలంలో దొరల చేతిమీదుగా బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. అమ్మ ఆసుపత్రిలో ఆయా. కాలినవాళ్ల వార్డులో ఒళ్లు తుడవడం ఆమె పని. రెండు బేసిన్లు పెట్టుకునేది, ఒకదాంట్లో మందు నీళ్లు, ఒకదాంట్లో వట్టి నీళ్లు. ముందు నీళ్లు సన్నగా పోసి నానబెట్టేది. తర్వాత మెత్తబడిన పాత పంచె గుడ్డను మడిచి పైనుంచి కిందికి ఒక్కసారి జార్చేది. వెనక్కి రుద్దేది కాదు, గుండ్రంగా తిప్పేది కాదు. ఒక మడత ఒక్కసారికే. మడతలన్నీ అయ్యాక గుడ్డను వట్టి నీళ్లలో జాడించి, పిండి, అప్పుడు మందు నీళ్లలో ముంచేది. గుడ్డ నేల మీద పడిందా, ఇంక అది ఒంటికి తాకేది కాదు. నేను కారుకు చేసేది అక్షరాలా అదే. నావి బేసిన్లు కాదు, బకెట్లు, అంతే తేడా.

జమాల్‌ను ఆ వార్డులోనే చూశాను. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, పనీ పాటా లేక అమ్మకు అన్నం క్యారియరు మోసుకుపోతుండేవాణ్ని. జమాల్ నా ఈడువాడు. వాళ్ల ఊళ్లో పార్టీవాళ్లు వాణ్ని బాంబులు చుట్టడానికి కూర్చోబెట్టారు. ఒకటి చేతిలోనే పేలింది. కుడిచేతికి చిటికెన వేలూ ఉంగరం వేలూ పోయాయి, మోచేతి దాకా తోలు ఊడిపోయింది. చుట్టమన్న పెద్దమనుషుల్లో ఒక్కడంటే ఒక్కడు వచ్చి చూడలేదు. అమ్మ నలభై రోజులు ఆ చెయ్యి తుడిచింది. నేను బేసిన్ పట్టుకునేవాణ్ని. అరుపు ఆపుకోవడానికి వాడు నాతో కబుర్లు చెప్పేవాడు, నేను వాణ్ని ఏడిపించేవాణ్ని. అట్లా స్నేహితులమయ్యాము. ఇంటికి పొయ్యే రోజు వాడు అమ్మ కాళ్లు పట్టుకుని, “ఈ చేత్తో ఇంక ఆ పని ముట్టనమ్మా,” అన్నాడు. ప్రొద్దుటూరు వచ్చి పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడు, జైబున్నీసాను పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు. మూడు వేళ్ల చెయ్యి అంటే చుట్టుపక్కల ఎవరికైనా జమాలే.

మళ్లీ కారు సంగతికి వస్తాను. ఎండాకాలం ప్రచారంలో రాత్రికి ఏ ఊళ్లో మకామో తెలీదు. ఉన్నచోట తాగడానికే నీళ్లు ఉండేవి కావు, కారుకు ఎవరిస్తారు? మిగతా డ్రైవర్లు పొద్దున లేచి పొడిగుడ్డతో దులిపేవాళ్లు. నేను ససేమిరా అనేవాణ్ని. నీళ్లు దొరికితే కడుగుతా, దొరక్కపోతే దుమ్ముతోనే తోలుతా. నాగన్నకు కాపలా ఉండే ఓబులేసు దీనికి నన్ను తెగ ఆట పట్టించేవాడు. “ఏం రా తిమోతీ, నీ పెండ్లాం మొగం కడిగిందా లేదా ఈ పొద్దు?” అని కారును చూపించేవాడు. ఒక రోజు తెల్లారి బానెట్ మీద దుమ్ములో పిల్లి అడుగులు వరసగా కనిపించాయి. ఓబులేసును పిలిచి చూపించాను.

“సూసినావా? పిల్లి నడిస్తేనే ఇంత బాగ పడింది. మనిషి చెయ్యి పెడితే పడదా?”

ఓబులేసు నవ్వు ఆగిపోయింది. కార్ల కింద బాంబులు పెడతారని అందరికీ భయంగా ఉన్న రోజులవి. ఆ రోజు నుంచి రూలు పెట్టుకున్నాము. సాయంత్రం కారు ఆపాక దాని మీది దుమ్ము ఎవరూ ముట్టకూడదు. తెల్లారి ఓబులేసు వచ్చి చుట్టూ తిరిగి చూడాలి. ఎక్కడా చెయ్యి పడలేదని తేలాక నేనొక్కణ్నే ఎక్కి ఇంజను స్టార్టు చేయాలి, మిగతావాళ్లు గోడ చాటున ఉండాలి. అప్పుడే నాగన్న ఎక్కుతాడు. పెయింటు కోసం నేను పట్టిన మొండిపట్టు ఒక మనిషి ప్రాణానికి కాపలా అయిందని మురిసిపోయాను. నాకేం తెలుసు?

పోలింగు ఇంకో వారం ఉందనగా జమ్మలమడుగులో నాగన్న చుట్టాల ఇంట్లో దిగాము. ఇల్లంతా జనమే. మా ఇల్లు ఆ ఊళ్లోనే ఉన్నా కారు వదిలి పొయ్యే వీల్లేదు. మామూలుగా నేను అరుగు మీద పడుకుంటాను, ఆ రోజు అరుగు మీద కూడా చోటు లేక కారు వెనక సీట్లో పడుకున్నాను. తెల్లవారాక దిగి, ఒళ్లు విరుచుకుంటూ వెనక్కి వచ్చాను. డిక్కీ మీద చెయ్యి పడి ఉంది.

దుమ్ములో అచ్చు గుద్దినట్టు ఉంది. అరచెయ్యి, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. తక్కిన రెండు వేళ్ల చోట దుమ్ము కదలలేదు.

“యేసయ్యా!” అనుకున్నాను. వెంటనే నేల మీద పడుకుని కారు కిందికి దూరాను. ట్యాంకు చూశాను, చక్రాల వెనక తడిమి చూశాను. డిక్కీ తీసి చూశాను, బానెట్ ఎత్తి వైర్లన్నీ చూశాను. ఏమీ లేదు. నమ్మకం కుదరక మళ్లీ మొదటి నుంచి చూశాను. ఏమీ లేదు. వాడు వచ్చాడు, చెయ్యి పెట్టాడు, పోయాడు. ఎందుకు వచ్చాడో నాకు తెలీదు. కానీ ఓబులేసు ఆ చెయ్యి చూస్తే ఏం జరుగుతుందో మాత్రం నాకు బాగా తెలుసు. ఎందుకొచ్చావని జమాల్‌ను ఎవరూ అడగరు. పొద్దు గూకే లోపల రెండు జీపులు ప్రొద్దుటూరు పోతాయి. పంక్చర్ల అంగడి వెనకే జైబున్నీసా, పిల్లలు ఉంటారు.

ఓబులేసు లేచాడు. లోపల దగ్గు వినిపిస్తోంది. పళ్లు తోముకుని వచ్చేస్తాడు.

నీళ్లు పోసి కడిగేద్దామంటే ఇంటి ముందు కుండలో తాగే నీళ్లు నాలుగు చెంబులున్నాయి, అంతే. ఆ చెయ్యి ఒక్కదాన్ని తుడిచేస్తే దుమ్ము మధ్యలో అరచేతి మేర నల్లగా కనిపిస్తుంది, చెయ్యి కన్నా అదే ఎక్కువ చెప్తుంది. ఒక్కటే దారి. కారు మొత్తం తుడవాలి. పొడిగుడ్డతో, నా చేత్తో.

భుజం మీది తువ్వాలు తీశాను. అప్పుడు నేను భయపడింది జమాల్ కోసమా కారు కోసమా అంటే ఇప్పటికీ చెప్పలేను. డిక్కీతో మొదలుపెట్టాను. నిలువుగా లాగితే చెయ్యి పోలేదు, తడి చేత్తో అదిమి పెట్టాడేమో వెధవ, దుమ్ము అంటుకుపోయింది. గుండ్రంగా రుద్దాను. బలమంతా పెట్టి రుద్దాను. తువ్వాలు కింద ఇసుక బరబరమంటుంటే నా పళ్లు జివ్వుమన్నాయి. ఆరేళ్లు చంటిబిడ్డ ఒంటి మాదిరి కాచుకున్న పెయింటు. డిక్కీ అయ్యాక తలుపులు, పైన, బానెట్. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. కారు కోసం ఏడ్చానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

బానెట్ సగంలో ఉండగా ఓబులేసు వచ్చాడు.

“ఏం జేస్తాండావు రా?”

“కనపడలేదా? తుడుస్తాండా.”

“పొడిగుడ్డతో? నువ్వు?” దగ్గరికి వచ్చి కారు చుట్టూ చూశాడు. “నేను సూడకముందే ఎందుకు ముట్టినావు? రూలు పెట్టింది నువ్వే గదరా!”

“అన్న ఈ పొద్దు పులివెందుల మీటింగుకు పోవల్ల. ఇంత దుమ్ముతో ఎట్ల పోతాము? ఈడ నీళ్లు యాడుండాయో నువ్వే సూపియ్యి. రాత్రంతా కార్లోనే పండుకుంటి. ఎవడన్నా వస్తే నాకు మెలకువ రాదా?”

ఓబులేసు నా కళ్లలోకి చూశాడు. ఏడ్చిన కళ్లు. దుమ్ము పడిందని రుద్దుకున్నాను. వాడు నమ్మలేదు, నమ్మకపోవడమే వాని పని.

“సరే, ఎక్కు. స్టార్టు జెయ్యి. ఈ వీధిలో రెండు మార్లు అటూ ఇటూ తోలు. నేను ఆడ నిలబడి సూస్తా.”

జనాన్ని గోడ చాటుకు తోసి వాడూ పోయాడు. నేను ఎక్కి కూర్చున్నాను. తాళం చేతిలోకి తీసుకున్నాను. అప్పటిదాకా నాకు జమాల్ మీద అనుమానం లేదు. తాళం పెట్టాక వచ్చింది. నేను వెతికాను, నిజమే. నేనెవర్ని? డ్రైవర్ని. వాడు ఆ పని తెలిసినవాడు. తెలిసినవాడు దాచిపెడితే నా కంటికి దొరుకుతుందా? బేసిన్ మీద తోలు లేకుండా వణుకుతున్న ఆ చెయ్యి కళ్ల ముందుకొచ్చింది, దాన్ని కింద నుంచి పట్టుకున్న అమ్మ చెయ్యి కూడా.

“ఒరే జమాలూ, నువ్వు గాన అట్లాంటి పని చేసింటే మాత్రం, మళ్ల మా అమ్మకు నీ మొగం సూపియ్యగాకు,” అని గొణుక్కుని తాళం తిప్పాను.

ఇంజను స్టార్టయింది. మామూలుగానే. వీధి చివరిదాకా పోయి వచ్చాను, రెండోసారి పోయి వచ్చాను. ఓబులేసు తలూపి, అన్నను పిలవడానికి లోపలికి పోయాడు.

పులివెందులలో మిట్టమధ్యాహ్నం దిగాము. నాగన్న మీటింగుకు పొయ్యే ముందు అలవాటు ప్రకారం దువ్వెన తీసి బానెట్ దగ్గరికి వచ్చాడు. ఎండ నిలువుగా కొడుతోంది. మీసం దువ్వబోయి ఆగిపోయాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన మొహం చూడలేక నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

“తిమోతీ, ఏందిది?”

“తుడిసినానన్నా.”

“దేంతో?”

“పొడిగుడ్డతో.”

“ఎందుకు?”

ఓబులేసుకు చెప్పిన అబద్ధం ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

“పదకొండేండ్లలో నిన్ను ఒక్క మాటన్నా అంటినా?”

“లేదన్నా.”

“ఇప్పుడూ అనను. నీకు ఈ కారంటే ఎంతో నాకు తెలుసు. అట్లాంటోనివి ఇట్ల జేసినావంటే నీ మనసులో ఏందో ఉండాది, నాకు చెప్పకుండా దాచిపెడ్తాండావు. నీ యెనక సీట్లో నేనింక నిశ్చింతగా కూర్సోలేను. ఇంటికి పో.”

కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నిజంగానే దాచిపెట్టాను. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. అక్కడే బస్సెక్కి జమ్మలమడుగు వచ్చేశాను. ఆ తర్వాత ఏ కార్ల స్టాండుకు పోయినా, ‘నాగన్న కారును నాశనం చేసినోడు వచ్చినాడు’ అని నవ్వేవాళ్లు. ఒక్కరు పని ఇవ్వలేదు. అమ్మ ఏమైందని అడిగింది. ఆమెకు కూడా చెప్పలేదు.

నెల రోజులు ఓర్చుకున్నాను. ఇంక ఓర్చుకోలేక ప్రొద్దుటూరు పోయాను. జమాల్ అంగడి ముందు కూర్చుని ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను తొట్టిలో చెయ్యి ముంచి ఆ మురికినీళ్లు వాని మొహాన కొట్టాను.

“ఎందుకొచ్చినావు రా ఆ రాత్రి? నా కారు మీద నీ చెయ్యెందుకు పడింది? చెప్పు!”

జమాల్ మొహం తుడుచుకోలేదు. లోపల జైబున్నీసా ఉందని కళ్లతోనే సైగ చేసి, నన్ను రోడ్డు పక్కకు తీసుకుపోయాడు.

“ఎదుటి పార్టీవాళ్లు వచ్చినారు తిమోతీ. నీ చేతిపని శానా బాగుంటాదంట, ఒక్కటి పెట్టి రా అన్నారు. ఆ పని ఇడిసిపెట్టినానంటే ఇన్లా. నా బిడ్డల పేర్లు ఒకటి తర్వాత ఒకటి చెప్పినారు, ఏ బడికి పోతారో చెప్పినారు. సంచి చేతికిచ్చినారు. కార్లో ఎవురూ ఉండరు, డ్రైవరు అరుగు మీద పండుకుంటాడు అన్నారు.”

“మళ్ల?”

“వచ్చినా. డిక్కీ మీద చెయ్యి పెట్టి వంగబోయినా. అద్దంలో నుంచి నువ్వు కనపన్నావు. నోరు తెరుసుకోని నిద్రపోతాండావు. ఆసుపత్రిలో బేసిన్ పట్టుకోని ఇట్లనే కునుకు తీసేటోనివి గదా. అమ్మ మోచేత్తో పొడిస్తే లేసేటోనివి. అది గుర్తుకొచ్చింది. ఇంక వంగలేకపోయినా. శానాసేపు ఆ చెయ్యి ఆడనే పెట్టుకోని నిలబన్నా. పోయి సంచి మైలవరం డ్యాములో ఏసేసినా.”

“వాళ్లకేం చెప్పినావు?”

“డ్రైవరు కార్లోనే ఉండాడు, కుదర్లేదంటి. అది అబద్ధం గాదు గదా. ఓట్లయిపోయినాయి, మళ్ల ఎవురూ రాలా.”

నాకు ఒళ్లు మండిపోయింది. “నేను అరుగు మీద పండుకోనింటే? నాగన్న మనిషి గాదా? నేను స్టార్టు జేసేటోణ్ని గదరా పొద్దన!”

జమాల్ కిందికి చూశాడు. “అదే. నెల నుంచి కండ్లు మూస్తే అదే. నిద్రపోయి ఎన్నాళ్లయిందో,” అన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు. “నువ్వెందుకు చెప్పలా వాళ్లకు? చెప్పింటే నీ పని ఉండేది, నీ పేరు ఉండేది.”

“మా అమ్మ నలభై దినాలు తుడిసిన చెయ్యి రా అది!” అని అరిచాను. రోడ్డు మీద పొయ్యేవాళ్లు తిరిగి చూశారు. “నలభై దినాలు! దాన్ని తీసకపోయి ఓబులేసు చేతిలో పెట్టమంటావా?”

వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. తిట్టడం ఆపలేదు, తిడుతూనే వీపు నిమిరాను. సాయంత్రం జైబున్నీసా అన్నం పెట్టింది. తింటుండగా జమాల్ పక్కనున్న ఖాళీ జాగా చూపించి, “ఆడ బోరుండాది. కార్లు కడుగు తిమోతీ. నీ మాదిరి కడిగేటోడు ఈ ఊర్లో లేడు,” అన్నాడు. అట్లా మొదలైంది ఈ వాటర్ వాష్. నాగన్న కొన్నేళ్ల తర్వాత షుగరు జబ్బుతో మంచంలోనే పోయాడు. ఆయన కొడుకులూ ఎదుటి పార్టీవాళ్ల కొడుకులూ ఇప్పుడు కలిసి రోడ్డు కాంట్రాక్టులు చేస్తున్నారు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. కారు చేతులు మారి మారి, ఇట్లా శెట్టితో నా ముందుకే వచ్చింది.

మూడు రోజులు పాలిష్ పట్టాను. బానెట్, తలుపులు, పైన, అన్నీ నున్నగా వచ్చాయి. శెట్టి వచ్చి బానెట్‌లో మొహం చూసుకుని మురిసిపోయాడు. వెనక్కి పోయి చూసి ముఖం చిట్లించాడు.

“డిక్కీ ఇడిసిపెట్టినావేంది?”

“అది తీయను.”

“ఎందుకు తీయవు? ఎక్కువ అడుగుతావా ఏంది? దుడ్లిస్తా లేప్పా!”

“నువ్వు అంగడి రాసిచ్చినా తీయను శెట్టీ. నీకు ఇష్టమైతే తీస్కపో, లేదంటే ఇంకోని కాడికి పో!”

ఇద్దరమూ గట్టిగా అరుచుకుంటుంటే జమాల్ వచ్చాడు. మూడు రోజుల కిందట కూతురింటికి చక్రాయపేట పోయి అప్పుడే బస్సు దిగాడు. గడ్డం నెరిసింది, నడక నెమ్మదించింది. ఏందప్పా ఈ గలాటా అనబోయి, కారును చూసి ఆగిపోయాడు. నంబరు చూశాడు. డిక్కీ చూశాడు. నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

ఇన్నేళ్లలో నేను జమాల్‌ను ఒక్క కారు కూడా ముట్టనివ్వలేదు. టైర్ల పని చేసే చేతులు, ఇసుక రవ్వలు అంటుకుని ఉంటాయి. ఆ సంగతి వానికీ తెలుసు. కొళాయి దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాడు. వచ్చి నా ముందు చెయ్యి చాపాడు.

“ఇట్లియ్యి గుడ్డ. డిక్కీ నేను కడుగుతా.”

ఇచ్చాను. వాడు రెండు బకెట్లు దగ్గరికి లాక్కున్నాడు. ముందు నీళ్లు సన్నగా పోశాడు. దుమ్ము జారిపోయేదాకా ఆగాడు. పాత పంచె గుడ్డను ఆ మూడు వేళ్లతో మడిచి సబ్బునీళ్లలో ముంచి, పైనుంచి కిందికి ఒక్కసారి జార్చాడు. మడత మార్చాడు. మళ్లీ జార్చాడు. మడతలయ్యాక వట్టి నీళ్లలో జాడించాడు. నేను ఎప్పుడూ నేర్పలేదు వానికి. నేర్పాల్సిన పని లేదు, నలభై రోజులు ఆ తుడవడం వాని ఒంటి మీదే జరిగింది.

శెట్టి కాసేపు చూసి, ఓపిక లేక నా దగ్గరికి జరిగాడు. “ఎంతసేపు కడిగినా గీతలు అట్లనే ఉండాయి గదప్పా.”

“ఉండనీ శెట్టీ. ఆ గీతలు పడబట్టి ఒక మనిషి బతికినాడు.”

శెట్టి జమాల్ చేతి వైపు చూశాడు. డిక్కీ ఆరేదాకా నీడలో కూర్చుని, తాళాలు తీసుకుని మెల్లగా తోలుకుంటూ పోయాడు.